పట్టిందెంత, వదిలిందెంత: మా కార్బన్ క్యాప్చర్ ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 4

ఇవాళ టాపిక్ ఖాయమైంది. పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని రసాయన ద్రావణాలతో పట్టుకోవడం, వాటిలో ఏ ద్రావణం మేలో తేల్చడం. కెమికల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. నేనూ నా పార్ట్‌నరూ, ఇద్దరమే.

ఈ టాపిక్ కావాలని పట్టుబట్టింది నేనే. మా ఇల్లు కూర్మన్నపాలెంలో. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే స్టీలు ప్లాంటు చిమ్నీలు కనిపిస్తాయి. పరవాడ వైపు వెళ్తే సింహాద్రి థర్మల్ ప్లాంటు, ఒక్కోటి 500 మెగావాట్ల యంత్రాలు నాలుగు. చిన్నప్పుడు కూలింగ్ టవర్ల మీంచి లేచే తెల్లటి మబ్బునే కాలుష్యం అనుకునేదాన్ని. అది నీటి ఆవిరి. అసలు సంగతి పక్కనున్న సన్నటి చిమ్నీలోంచి, కంటికి కనపడకుండా పోతోంది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. బొగ్గు కరెంటు ఒక్క యూనిట్‌కి సుమారు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 500 మెగావాట్ల యంత్రం పూర్తి లోడు మీద నడిస్తే గంటకి 5 లక్షల యూనిట్లు. అంటే గంటకి 450 టన్నులు. 2022లో ఎన్టీపీసీ మధ్యప్రదేశ్‌లోని తన వింధ్యాచల్ థర్మల్ ప్లాంటులో మొదలుపెట్టిన క్యాప్చర్ ప్లాంటు రోజుకి 20 టన్నులు పడుతుంది. మన లెక్క ప్రకారం ఒక యంత్రానికి అది సుమారు మూడు నిమిషాల పొగ. ఆ కాగితం మడిచి రికార్డు బుక్కులో పెట్టుకున్నాను.

డిసెంబర్ 11

సెటప్ సిద్ధం. పెద్ద హంగేమీ లేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, చేపల తొట్టెకి వాడే గాలి పంపు, రెండు రోటామీటర్లు (గ్యాస్ నిమిషానికి ఎంత పోతోందో చూపే గొట్టాలు). గాలి, గ్యాస్ కలిసి నిమిషానికి 2 లీటర్లు, అందులో 13 శాతం కార్బన్ డయాక్సైడ్. బొగ్గు పొగలో ఉండేది కూడా దాదాపు అంతే. ఈ మిశ్రమం 40 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉన్న గాజు సీసాలో 200 గ్రాముల ద్రావణంలోంచి బుడగలు బుడగలుగా పోతుంది. బయటికొచ్చే గాలిని ఒక సెన్సర్ చూస్తుంది.

మొదటి ద్రావణం మోనో ఇథనాల్ అమీన్, అందరూ ఎంఈఏ అంటారు. నీళ్ళలో బరువుకి 30 శాతం. ఈ రంగంలో దీన్నే గీటురాయిగా పెట్టుకుంటారు. ఎవరు కొత్త ద్రావణం తెచ్చినా దీనితోనే పోల్చి చూపించాలి. అమీన్లతో (అమ్మోనియా జాతి రసాయనాలు) ఆమ్ల వాయువుల్ని తీసే పద్ధతికి ఆర్.ఆర్. బాటమ్స్ అమెరికాలో పేటెంటు తీసుకున్నది 1930లో. రిఫైనరీల్లో హైడ్రోజన్ సల్ఫైడ్‌ని తీసెయ్యడానికి ఇప్పటికీ అదే ఉపాయం. చల్లగా ఉన్నప్పుడు అమీన్ వాయువుని పట్టుకుంటుంది, వేడి చేస్తే వదిలేస్తుంది. మళ్ళీ చల్లార్చి వాడుకోవచ్చు.

ఎంఈఏ సీసా మూత తీయగానే అమ్మోనియాతో పాటు చేపల వాసన. నూనెలా జారుతుంది, చేతికి తగిలితే మండుతుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని సార్ రెండుసార్లు చెప్పారు.

డిసెంబర్ 13

మొదటి రన్. గ్యాస్ వదలగానే సెన్సర్ 13 నుంచి 1.5కి పడిపోయింది. పార్ట్‌నర్ చప్పట్లు కొట్టాడు. నేను సీసా బయట చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. బాత్ 40 చూపిస్తుంటే లోపల థర్మామీటర్ 45 దగ్గరుంది. ఎంఈఏకి కార్బన్ డయాక్సైడ్ పట్టేటప్పుడు ఒక్కో మోల్‌కి (అణువుల్ని లెక్కపెట్టే కొలమానం) సుమారు 85 కిలోజౌల్స్ వేడి పుడుతుంది. పుస్తకంలో చదివిన అంకె అరచేతికి తగలడం ఇదే మొదటిసారి. అయితే ఇప్పుడు పుట్టిన ఈ వేడినంతా తర్వాత గ్యాస్‌ని విడదీసేటప్పుడు మనమే తిరిగి ఇచ్చుకోవాలి.

ఎంత సేపు నడపాలో ముందే లెక్క కట్టుకున్నాం. 200 గ్రాముల ద్రావణంలో 60 గ్రాముల ఎంఈఏ, అంటే 0.98 మోల్. రెండు ఎంఈఏ అణువులు కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్‌ని పడతాయి, ఒకటి దాన్ని కార్బమేట్‌గా కట్టేసుకుంటే రెండోది హైడ్రోజన్ అయాన్‌ని తీసుకుంటుంది. కాబట్టి పట్టేది 0.49 మోల్, సుమారు 12 లీటర్లు. నిమిషానికి 0.26 లీటర్లు పంపుతున్నాం కనుక ఒక్క బుడగా వృథా పోకపోయినా 47 నిమిషాలు కావాలి. రెండు గంటలు నడపాలని నిర్ణయించుకున్నాం.

డిసెంబర్ 20

వారమంతా కొలతతోనే సరిపోయింది. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే పని మొదలుపెట్టే ఎవరికైనా మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

ద్రావణం ఎంత గ్యాస్ పట్టిందో తెలుసుకోవడానికి పద్ధతి ఇది. ద్రావణం 1 మిల్లీలీటర్ తీసి, మూసిన ఫ్లాస్కులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపాలి. పట్టిన గ్యాసంతా బుసబుసమని బయటికొస్తుంది. అది పక్కనున్న గాజు గొట్టంలోని నీళ్ళని కిందికి నెడుతుంది. ఎంత నెట్టిందో చూస్తే అదే గ్యాస్ ఘనపరిమాణం. మనం పోసిన ఆమ్లం కూడా కొంత నెడుతుంది, దాన్ని తీసెయ్యాలి. మా లెక్కకి సుమారు 65 మిల్లీలీటర్లు రావాలి. ఒకసారి 47, ఒకసారి 53, మళ్ళీ 44. ఒకే సీసాలోంచి తీసిన మూడు శాంపిల్స్!

పార్ట్‌నర్ పైపెట్‌ని అనుమానించాడు, నేను లీకేజీని. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి చూశాం, ఎక్కడా బుడగ లేదు. చివరికి ద్రావణాన్ని పక్కనపెట్టి, వంటసోడా తూచాం. ల్యాబ్‌లో ఉన్న శుద్ధమైన సోడియం బైకార్బనేట్, 0.21 గ్రాములు. దాని అణుభారం 84. అంటే సరిగ్గా 2.5 మిల్లీమోల్స్. ఆమ్లం పోస్తే వచ్చే గ్యాస్ ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు, గొట్టంలోని తడితో కలిపి 65 దగ్గర పడాలి. 50 చూపించింది.

కొలిచే పరికరమే అబద్ధం చెబుతోంది. గొట్టంలో మేం పోసింది మామూలు నీళ్ళు. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరుగుతుంది కదా! మేం రీడింగ్ తీసుకునేలోపే కొంత గ్యాస్ ఆ నీళ్ళలోకి పోతోంది. ఎంత ఆలస్యం చేస్తే అంత తక్కువ.

మరునాడు ఉప్పు నిండా కరిగించిన నీళ్ళు తయారుచేసి, కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం, రంగు తెలియడానికి మిథైల్ ఆరెంజ్ చుక్కలు వేశాం. గులాబి రంగు ద్రవం. ఉప్పు, ఆమ్లం ఉన్న నీళ్ళలో ఈ గ్యాస్ కరగడం బాగా తగ్గిపోతుంది. వంటసోడా 65 ఇచ్చింది. తర్వాత ఎంఈఏ మూడు శాంపిల్స్: 64.5, 65, 65. ఒక్కో మోల్ అమీన్‌కి 0.51 మోల్ కార్బన్ డయాక్సైడ్. ఆ అంకె కోసం ఎనిమిది రోజులు పట్టింది. ఇకమీదట ప్రతి రోజూ మొదటి కొలత వంటసోడాదే అని బోర్డు మీద రాసి పెట్టాం.

జనవరి 10

రేపటి నుంచి సంక్రాంతి సెలవులు. ఇవాళ శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్‌తో ఒక చెక్ రన్ చేసి, వాల్వులు కట్టేసి, బస్సు టైమవుతోందని హడావిడిగా వచ్చేశాం.

జనవరి 19

ల్యాబ్ తలుపు తీసి సీసా దగ్గరికి వెళ్తే నోట మాట రాలేదు. ద్రావణం నీలంగా ఉంది. లేత నీలం కాదు, సిరాలాగా నిండు నీలం.

ఎవరైనా ఏదైనా పోశారేమోనని మొదటి అనుమానం. పార్ట్‌నర్ ముఖం మాడిపోయింది. వెనక నుంచి అటెండర్ బాబాయ్ వచ్చి, సీసా కిటికీ వెలుగులో పట్టుకుని, "ఏటమ్మా ఇది, మైలుతుత్తం లాగుంది! మా ఊళ్ళో సున్నంతో కలిపి తోటలకి కొడతాం" అన్నారు.

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. రాగి! ఆ ఒక్క మాటతో అంతా అర్థమైంది. రాగి అయాన్ అమీన్‌తో కలిస్తే నీలం వస్తుందని మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో చేసిందే. మరి రాగి ఎక్కడిది? గొట్టం వెంట వేలు పెట్టుకుంటూ వెళ్ళాం. రోటామీటర్ చివర గొట్టం తగిలించే హోస్ నిప్పల్ ఇత్తడిది. ఇత్తడి అంటే రాగి, జింకు. దాని లోపలి అంచు చుట్టూ నీలం చారలు.

అయితే అది గ్యాస్ దారి, ద్రావణం అక్కడికి ఎలా వెళ్ళింది? ఇదీ మా పనే. ఆ రోజు గొట్టం నిండా శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ ఉంది. వాల్వు కట్టేశాక సీసాలోని అమీన్ ఊరుకోదు కదా, గొట్టంలో మిగిలిన గ్యాస్‌ని కూడా పట్టేసింది. గ్యాస్ ఖాళీ అయిన చోటికి ద్రావణం పైకెక్కింది. స్ట్రాతో పీల్చినట్టు నిప్పల్ దాకా వచ్చి, భోగి, సంక్రాంతి, కనుమ అన్నీ అక్కడే ఉండి రాగిని కరిగించుకుంది.

ద్రావణం పారబోసి ఊరుకుంటే చాలదు. ఆక్సిజన్ ఉన్నచోట ఎంఈఏ నెమ్మదిగా చెడిపోతుంది. రాగి, ఇనుము అయాన్లు ఆ చెడిపోవడాన్ని వేగం చేస్తాయి. సెలవుల ముందు రన్లలో దేనిలో ఎంత రాగి చేరిందో చెప్పలేం. చివరి వారం చేసిన నాలుగు రన్లూ కొట్టేశాను. రికార్డు బుక్కులో ఆ పేజీల మీద అడ్డగీత గీస్తుంటే బాధేసింది, కానీ వాటిని ఉంచుకుని మిగతావి నమ్మమని ఎవర్నీ అడగలేను.

జనవరి 22

గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీలు నిప్పల్స్ రెండు చేయించుకున్నాం. సీసాకి ముందు ఒక ఖాళీ సీసా కూడా పెట్టాం, ద్రావణం వెనక్కి ఎక్కినా అందులోనే ఆగుతుంది. రన్ అయ్యాక గొట్టాన్ని ద్రావణంలోంచి పైకి లాగాకే గ్యాస్ కట్టాలి. బాబాయ్‌కి ఫిల్టర్ కాఫీ ఇప్పించాం.

జనవరి 30

రెండో ద్రావణం ఎండీఈఏ, అంటే మిథైల్ డై ఇథనాల్ అమీన్. దీని మీద నాకు చాలా ఆశ ఉండేది. ఇది కార్బమేట్ కట్టదు. నైట్రోజన్ మీద హైడ్రోజన్ లేకపోవడం వల్ల కార్బన్ డయాక్సైడ్‌ని నేరుగా పట్టలేదు, నీళ్ళతో కలిసి బైకార్బనేట్‌గా మారుస్తుంది. అందుకని ఒక అణువుకి ఒక కార్బన్ డయాక్సైడ్ లెక్క, ఎంఈఏకి రెట్టింపు. వేడి కూడా మోల్‌కి 60 కిలోజౌల్స్ లోపే.

40 శాతం ద్రావణంతో రన్ పెట్టాం. సెన్సర్ 9 దగ్గర మొదలై 11 దాటింది. అంటే వచ్చిన గ్యాస్‌లో చాలా భాగం పట్టుబడకుండా పోతోంది. రెండు గంటలయ్యాక ఒక్కో మోల్ అమీన్‌కి 0.34 మోల్ మాత్రమే. నీళ్ళతో జరిగే ఆ చర్య అంత నిదానం. పెద్ద ప్లాంటులో పొగ, ద్రావణాన్ని తాకే టవర్‌లో నిలిచేది కొన్ని సెకన్లే. ఎంత పట్టగలదు అన్నదొక్కటే చాలదు, ఆ కాసేపట్లో ఎంత పట్టగలదు అన్నది అసలు ప్రశ్న.

ఫిబ్రవరి 5

రివ్యూ. నేను స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో 0.51, 0.34 పెట్టి, ఎంఈఏనే మేలు అని చెప్పాను. సార్ పూర్తిగా విని ఒక్క ప్రశ్న వేశారు: "పట్టిందెంతో చెప్పావమ్మా. వదిలిందెంత?"

నా దగ్గర సమాధానం లేదు. రెండు నెలలుగా నింపడమే చూస్తున్నాం. నిండిన ద్రావణాన్ని ఖాళీ చేస్తేనే కదా మళ్ళీ వాడుకునేది! సగమే ఖాళీ అయ్యే బిందెతో నీళ్ళు మోస్తే ప్రతిసారీ సగం బరువు ఉత్తినే మోసినట్టు.

"ఇంకోటి," అన్నారు, "మోల్‌కి ఎంత అని చూడకు. పంపు తోసేది మోల్స్‌ని కాదు, కిలోల్ని."

ఇంటికొచ్చి లెక్క వేస్తే ఆశ్చర్యం. ఎంఈఏ అణుభారం 61, ఎండీఈఏది 119. కిలో ఎంఈఏలో 16.4 మోల్స్, సగం లెక్కన 8.2 మోల్స్ గ్యాస్ పడుతుంది. కిలో ఎండీఈఏలో 8.4 మోల్స్, ఒకటికి ఒకటి లెక్కన 8.4 మోల్స్. దాదాపు సమానం! నేను ఇన్నాళ్ళూ రెట్టింపు అని మురిసిపోయింది అణువు కూడా దాదాపు రెట్టింపు బరువు ఉందన్న సంగతి మరిచిపోయే.

ఫిబ్రవరి 12

ఇప్పుడు రెండో సగం. నిండిన ద్రావణాన్ని ఫ్లాస్కులో పోసి, పైన ఆవిరిని చల్లార్చే కండెన్సర్ బిగించి, హీటింగ్ మాంటిల్ (ఫ్లాస్కు కూర్చునే కరెంటు పొయ్యి) మీద గంటసేపు మరిగిస్తున్నాం. మొదటి రోజే కండెన్సర్‌కి నీళ్ళు ఆగిపోయాయి, మేం చూసుకోలేదు. ఆవిరి బయటికి పోయి ద్రావణం చిక్కబడింది. అమీన్ ఎంతుందో ఆమ్లంతో కొలిస్తే (టైట్రేషన్), ఒక మిల్లీలీటర్‌కి 1 నార్మల్ గాఢత ఉన్న ఆమ్లం 4.9 మిల్లీలీటర్లు పడాల్సింది 5.6 పడింది. ఇప్పుడు మరిగించక ముందు, తర్వాత ఫ్లాస్కుని తూచి, తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ కలుపుతున్నాం.

ఎంఈఏ గంట మరిగాక కూడా 0.24 దగ్గర ఆగిపోయింది. గట్టిగా పట్టుకున్నది అంత తేలిగ్గా వదలదు. ఎండీఈఏ మాత్రం 0.04కి దిగిపోయింది, దాదాపు ఖాళీ. వేగంగా పట్టేది వదలడం లేదు, హాయిగా వదిలేది వేగంగా పట్టడం లేదు.

మాంటిల్‌కి కరెంటు మీటరు కూడా పెట్టాం. కానీ చుట్టుపక్కలకి పోయే వేడే ఎక్కువ, ఆ యూనిట్లని ప్లాంటు లెక్కలతో పోలిస్తే తప్పు. ప్లాంటులో 30 శాతం ఎంఈఏకి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 3.5 నుంచి 4 గిగాజౌల్స్ ఆవిరి కావాలి. అందులో బంధం విడదీయడానికి పోయేది 1.9. మిగతాది ద్రావణంలోని నీళ్ళని వేడెక్కించడానికి, ఆవిరి చేయడానికి. ఆ ఆవిరి టర్బైన్‌కి వెళ్ళి కరెంటు కావాల్సినది. కాబట్టి ఒక కిలో ద్రావణం ఒక చుట్టులో ఎక్కువ గ్యాస్ మోస్తే, అదే గ్యాస్‌కి తక్కువ నీళ్ళని కాచినట్టు. నా దృష్టిలో మెరుగుపరచడం అంటే ఇదే. మిగతా అంకెలన్నీ దీని కిందే.

ఫిబ్రవరి 26

మూడోది కలగలుపు. ఎండీఈఏ 35 శాతం, పైపరజీన్ అనే ఇంకో అమీన్ 5 శాతం. పైపరజీన్ తెల్లటి ముక్కలుగా వస్తుంది, గోరువెచ్చటి నీళ్ళలో కలిపితే బాగా కరిగింది. శ్వాసకి, చర్మానికి మంచిది కాదు, తూచడం దగ్గర్నుంచి అంతా ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే గది) లోపలే. ఇది కార్బన్ డయాక్సైడ్‌తో ఎంఈఏ కన్నా సుమారు పది రెట్లు వేగంగా కలుస్తుంది. పైపరజీన్ ముందు దాన్ని పట్టి ద్రావణంలోకి లాగితే, ఎండీఈఏ దాన్ని బైకార్బనేట్‌గా నిల్వ చేసుకుంటుంది. పరిశ్రమలో ఈ జోడీ ఎప్పటినుంచో ఉంది, మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మా సీసాలో మా చేతులతో చూడాలి, అంతే.

గ్యాస్ వదిలాక సెన్సర్ 3 దగ్గర నిలబడింది. మొన్న 9 చూపించిన ఎండీఈఏ ఇదేనా అనిపించింది. నురగ మాత్రం ఎక్కువ, సీసా మెడ దాకా వచ్చింది. ఖాళీ సీసా ఇంకోటి బయటి దారిలో పెట్టాం.

మార్చి 6

ఒక్కోటి మూడేసి సార్లు చేశాక, మూడూ ఒక కాగితం మీద రాశాం. ఒక కిలో ద్రావణం ఒక చుట్టులో నిజంగా మోసిన కార్బన్ డయాక్సైడ్ ఇది. ఎంఈఏ 0.51 నుంచి 0.24కి దిగింది, అంటే 58 గ్రాములు. ఎండీఈఏ 0.34 నుంచి 0.04కి, 44 గ్రాములు. కలగలుపు 0.53 నుంచి 0.07కి, 71 గ్రాములు.

అంకెలు చూసి పార్ట్‌నర్ "అయిపోయినట్టేగా" అన్నాడు. నాకు అలా అనిపించలేదు. ఇవి రెండు గంటలు నిండి గంట మరిగిన ద్రావణాల లెక్కలు, అదీ తాజావి. నిజం పొగలో ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్, సన్నటి బూడిద ఉంటాయి. సల్ఫర్ డయాక్సైడ్ అమీన్‌తో కలిసి కట్టే లవణాలు మరిగించినా విడిపోవు, పట్టుకున్న అమీన్ ఇక పనికి రాదు. మా చేపల తొట్టె పంపు గాలిలో ఆక్సిజన్ తప్ప అవేవీ లేవు. సల్ఫర్ డయాక్సైడ్‌తో పని చేయడానికి మా ల్యాబ్‌లో వసతి లేదు, దాని జోలికి పోవడం లేదు. ఆక్సిజన్ సంగతి మాత్రం చూడొచ్చు. ఒకే ద్రావణాన్ని నింపుతూ, మరిగిస్తూ పది చుట్లు తిప్పుదామని సార్‌ని అడిగాను. సరేనన్నారు.

మార్చి 17

ఆరు చుట్లు అయ్యాయి. ప్రతి చుట్టు చివర 5 మిల్లీలీటర్లు తీసి, చిన్న సీసాలో పోసి, తేదీ రాసి, కిటికీ గట్టు మీద వరసగా పెడుతున్నాం. ఎంఈఏ మొదటి సీసా నీళ్ళలా ఉంది. మూడోది లేత పసుపు. ఆరోది పలచటి టీ డికాషన్ రంగు. కలగలుపు ఆరోది పసుపు దగ్గరే ఉంది. రంగుని బట్టి ఎంత చెడిందో చెప్పకూడదు, అందుకే ఆమ్లంతో టైట్రేషన్ కూడా చేస్తున్నాం. ఎంఈఏకి ఆరో చుట్టు తర్వాత 4.9 బదులు 4.8 పడింది. తేడా చిన్నది, మా కొలత గొట్టం (బ్యూరెట్) గీతల మధ్య పోయేంత చిన్నది. ఇంకో నాలుగు చుట్లు తిరిగితే గానీ నమ్మను.

రేపు ఏడో చుట్టు. పొద్దున్నే ముందు వంటసోడా, తర్వాతే ద్రావణం. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ అడుగంటింది, బాబాయ్‌కి చెప్పి వచ్చాను.